మగ్గాల పేట ముగ్గు పటం

రిటైరైనవాళ్ళు రాసే జ్ఞాపకాలతో ఒక చిక్కుంది. ఎవరిది చదివినా, ఆ మనిషే లేకపోతే ఆ ఆఫీసు ఎప్పుడో మూతపడి ఉండేదనిపిస్తుంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా పట్టణ ప్రణాళికల ఆఫీసుల్లో ట్రేసరుగా పనిచేశాను. నేను లేకపోయినా ఏ ఆఫీసూ మూతపడేది కాదు. నేను లేకపోయి ఉంటే ఒక పేట మాత్రం మునిగేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు 'మీ అనుభవం ఏదైనా రాయండి సార్' అని అడిగారు కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను. ఆఫీసు పేరు రాయను. పేట పేరు, మనుషుల పేర్లు కూడా రాయను. తప్పు నాది కాబట్టి నా పేరొక్కటీ రాయొచ్చు గానీ, ఆపాటి ధైర్యమే ఉండి ఉంటే ఇది ఇంకో రకంగా జరిగి ఉండేది.

ట్రేసరు పనేమిటో మీకు తెలిసే అవకాశం లేదు. పాత పటం మీద అవతలివైపు కనిపించేంత పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతలను ఇంకుపెన్నుతో పైన దిద్దడం. అంతే. సొంత బుద్ధి వాడకూడదు. గీత తప్పు పడితే సగానికి విరిచిన బ్లేడుతో ఆ ఇంకును మెల్లగా గీకి తీసేయాలి. కాగితానికి చిరుగు పడకుండా, గీకిన జాడ కనపడకుండా గీకడం ఒక విద్య. ఆ విద్యలో నాకు మంచి పేరుండేది. పక్క ఆఫీసులవాళ్ళు కూడా తమ తప్పులు నా దగ్గరికి పట్టుకొచ్చి గీకించుకునేవారు. నాకు గర్వంగా ఉండేది. గర్వపడడానికి మనిషికి ఎంత చిన్న పనైనా చాలు.

మా ఇల్లు హిందూపురంలో. పొద్దున ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం చేరేవాణ్ణి. తొంభైల చివరి రోజులవి. పైనుంచి మా ఆఫీసుకు ఒక ఉత్తర్వు వచ్చింది. ఊరి అంచున పెరుగుతున్న పేటలకు ఇరవై ఏళ్ళకు సరిపోయే ప్రణాళిక వేయాలట. రోడ్లు ఎక్కడ, కాలువలు ఎక్కడ, ఇళ్ళు ఎక్కడ, ఏ నేలను ఖాళీగా వదలాలి, ఇవన్నీ కరువొచ్చినా వానొచ్చినా జనం తట్టుకునేలా ఉండాలట. ఆఖరి మాట మాత్రం మాకు నవ్వు తెప్పించింది. ఆ ప్రణాళికను పేటల్లో ఉండేవాళ్ళతో కూర్చుని, వాళ్ళ చేతనే గీయించాలట.

అంతకుముందు ప్రణాళిక అంటే నాలుగు గోడల మధ్య గీసి, వరండాలో బోర్డుకు అంటించేవాళ్ళం. ఆ కాగితాన్ని వరండాలో పడుకునే కుక్క తప్ప ఎవరూ చూసేవారు కాదు. మా ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు, అలసిపోయినవాడు. ఉత్తర్వు చదివి పక్కన పెట్టి, "మగ్గం నేసేవాడికి మ్యాపు చూపిస్తే ఏం చెప్తాడయ్యా? నువ్వూ ఆ కొత్త మేడమూ పోయి ఏదో ఒకటి గీయించుకురండి" అన్నాడు.

ఆ కొత్త మేడమ్ పెనుకొండ దగ్గరి పల్లె మనిషి. పేటల్లో జనాన్ని కూడగట్టే పనికి ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగంలో చేరింది. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను 'అన్నా' అనేది. ఆదివారం ప్రార్థనకు పోయి వచ్చి, మధ్యాహ్నం మళ్ళీ పేటకు వెళ్ళేది. సర్కారు ఉత్తర్వును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి నమ్మే మనుషులు ఉంటారని ఆవిడను చూసే నాకు తెలిసింది. అప్పట్లో నాకది అమాయకత్వంగా కనిపించింది.

మాకు ఇచ్చిన పేటలో ఇంటింటా మగ్గం. పట్టుచీరలు నేసే గుంత మగ్గాలు. ఇంట్లోనే నేలలో నడుం లోతు గుంత తవ్వి, నేసే మనిషి ఆ గుంతలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. వాకిట్లో నిలబడి చూస్తే మనిషి సగమే కనిపిస్తాడు. మా నాయన కూడా అలాగే సగం మనిషిగానే నాకు గుర్తు. అన్నానికి పిలిస్తే గుంతలోంచి లేచి పూర్తి మనిషయ్యేవాడు.

పేటకు పెద్ద అరవై ఏళ్ళ నేతగాడు. అందరూ పెద్దాయన అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆయన తల్లి, వయసు ఎంతో ఎవరికీ తెలియని అవ్వ, గడప దగ్గర కూర్చుని పొద్దంతా దారం కండెలు చుట్టేది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టం.

కాగితం ఇచ్చి గీయమంటే ఆ పేటలో ఎవరూ ముందుకు రాలేదు. మగవాళ్ళు పెన్నును తేలును చూసినట్టు చూశారు. మేడమ్ రెండు రోజులు ఆలోచించి, "ముగ్గుతో ఏపిద్దామన్నా. అది రానోళ్ళు ఎవరుండారు?" అంది.

ఒక ఉదయం పేట నడివీధి ఊడ్చి, నీళ్ళు చల్లి, ఆడవాళ్ళంతా ముగ్గుబుట్టలతో వచ్చారు. పొద్దెక్కేసరికి వీధి మీద పేట మొత్తం దిగింది. ఇళ్ళు తెల్ల ముగ్గుతో, దారులు ఇటుకపొడితో, కొళాయి ఉన్నచోట పసుపు. మగ్గం ఉన్న ప్రతి ఇంటి మీదా ఒక విరిగిన కండె పెట్టారు. తన ఇల్లు చిన్నగా గీశావని ఒక ఆడమనిషి తోడికోడలితో జుట్టు పట్టుకునేదాకా వచ్చింది. ఆ వీధిలో అంత నవ్వు నేను అంతకుముందూ వినలేదు, తరవాతా వినలేదు.

అందరూ ఒక్కటే అడిగారు. రోడ్డు. వానాకాలం వస్తే పేట నల్లరేగడి బురద. ఆటో రాదు. నొప్పులొచ్చిన ఒక కోడలిని మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే కాన్పయింది. ఆ బిడ్డ బతకలేదు. "మాకు ఇంగేం వద్దు మేడమ్, మెట్టగా ఒక రోడ్డు ఏసియ్యండి చాలు" అన్నారు. ఆ రోడ్డును ఇటుకపొడితో మూరంత వెడల్పున, పేట ఈ చివర నుంచి ఆ చివరకు ముచ్చటగా వేసుకున్నారు.

నేను ఆ ముందురోజే పాత సర్వే పటం నుంచి నా కాగితం మీదికి గీతలు ఎక్కించుకుని ఉన్నాను. అందులో పేట మధ్యగా నీలం ఇంకుతో ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. పైన చెరువు నిండినప్పుడు మరవ మీద, అంటే అలుగు మీద, పొర్లే నీళ్ళు ఆ వంకలోంచే కిందికి పోవాలి. నేల మీద చూస్తే వంక లేదు. ఒక పల్లం ఉంది, దాంట్లో ఇరవై ముప్పై మగ్గాల ఇళ్ళున్నాయి. పెద్దాయన ఇల్లు సరిగ్గా మధ్యలో.

"వంక యాడమ్మా?" అని అడిగాను.

నవ్వు ఆగిపోయింది. "యా వంకప్పా? ఈడ వంక లేదు" అంది పెద్దాయన భార్య.

ఇంతలో అవ్వ లేచి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా ముగ్గుబుట్టలోంచి పిడికెడు తీసుకుని, వంగి, చెరువు వైపు నుంచి పల్లం గుండా ఒక వంకర గీత పోసుకుంటూ వచ్చింది. నా కాగితం మీది నీలిగీత ఎక్కడెక్కడ తిరిగిందో ఆ గీత కూడా అక్కడక్కడే తిరిగింది. సగం దాకా రాగానే కోడలు ఎదురొచ్చి పాదంతో ఆ ముగ్గు చెరిపేసింది. "నీకేం తెల్దు, పో అత్తా. పోయి కండెలు సుట్టుకో" అంది. అవ్వ చేతిలో మిగిలిన ముగ్గు అక్కడే రాల్చి గడప దగ్గరికి వెళ్ళిపోయింది.

మేడమ్ ఆ సమయంలో వీధి ఆ చివర కొళాయి దగ్గర ముసలివాళ్ళు చెప్పేది రాసుకుంటోంది. ఆవిడ చూడలేదు. చూసింది నేనొక్కణ్ణే.

మరుసటి రోజు పెద్దాయన సైకిలు తొక్కుకుంటూ మా ఆఫీసు ఎదురుగా ఉన్న టీ అంగడికి వచ్చాడు.

"ఏమప్పా, మీ పటంలో వంక ఉండాదా?"

"పాత పటంలో ఉండాది పెద్దాయనా."

"మా పటంలో లేదు గదా. మీరు గీసిందే పటమని మేడమే అనె గదా?"

వంక పక్కన పటంలో ఏం రాసి ఉంటుందో ఆయనకు తెలుసు. 'వంక పోరంబోకు' అని ఉంటుంది. అంటే సర్కారు నేల. దాని మీద ఇల్లుంటే కాగితం లెక్కలో అది ఇల్లు కాదు, ఆక్రమణ.

"ఆ పక్క పేటలో ఇట్లే గోడలకు ఎర్ర రంగు గీతలు కొట్టిపోయిరి. ఆర్నెల్లకు మిషనొచ్చి నేలమట్టం చేసె. ఇల్లన్నా ఇంగోచోట కట్టుకుంటాం. మగ్గం గుంతను ఎత్తుకోని పోయేదానికైతాదా? గుంత కుదురుకోవల్లంటే ఏండ్లు పడ్తాది. నలభై ఏండ్లాయె ఆ వంక నిండా నీళ్ళు పారి. నా కొడుకులు చూసినోళ్ళు గూడా కాదు." ఆయన టీ తాగలేదు, గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నాడు. "మీ నాయన గూడా మగ్గమోడే అని వింటి. నీకు జెప్పల్లా?"

నేను ఆ సాయంత్రమే బ్లేడు విరిచాను. చెరువు మరవ నుంచి పేట కింది దాకా నీలిగీత మొత్తం గీకేశాను. గంటన్నర పట్టింది. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రంగా ఇంకేదీ గీకలేదు. వెలుతురుకు పట్టి చూసినా జాడ కనపడలేదు. అన్నేళ్ళూ జనం ఇళ్ళ మీదుగా గీతలు గీస్తూ బతికినవాణ్ణి, ఒక్కసారైనా ఒక గీత తీసేశానని సంతోషించాను. ఇంటికి పోతూ రైల్లో నాలో నేనే నవ్వుకున్నానని ఒప్పుకుంటున్నాను.

మేడమ్‌కు మాత్రం అనుమానం వచ్చింది. వారం తరవాత నా బల్ల దగ్గరికి వచ్చి, "అన్నా, చెరువు మరవ నీళ్ళు యాడికి పోతాయో పేటలో ఒక్కరూ సరిగ్గా జెప్పడంల్యా. పాత పటంలో ఈడ వంకేమన్నా ఉండాదా?" అని అడిగింది.

"పాత పటాల్లో ఏవేవో ఉంటాయి మేడమ్. ఆ వంక పైనే తెగిపోయింది, నీళ్ళు అటు పక్కకు మళ్ళినాయి" అన్నాను.

"నువ్వు జెప్తే సరేలే అన్నా" అంది. ఆవిడ నమ్మింది. ఉత్తర్వును నమ్మినట్టే నన్నూ నమ్మింది.

ముగ్గు పటం కాగితం మీదికి ఎక్కింది. పేటలో సభ పెట్టి చదివి వినిపించాం. పటం అంచుల వెంట జనం సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. మా ఆఫీసరు ఆశ్చర్యపోయాడు. జనమే గీసి జనమే ఒప్పుకున్న పటం మా జిల్లాలో ఇంకెక్కడా రాలేదని పైనుంచి మెచ్చుకుంటూ లేఖ వచ్చింది. రోడ్డు మంజూరైంది.

రోడ్డు వేసే ఇంజనీరు నడి ఎండాకాలంలో వచ్చాడు. పటంలో వంక లేదు, నేల మీద చుక్క నీరు లేదు. జనం మెట్టగా కావాలన్నారు కాబట్టి పల్లానికి అడ్డంగా నడుమెత్తు మట్టికట్ట పోయించి, దాని మీద తారు వేయించాడు. నీళ్ళు దాటడానికి కట్ట కింద మోరీ పెట్టలేదు. ఏ నీళ్ళకని పెడతాడు? మొదటి ఆటో పేటలోకి వచ్చిన రోజు దానికి పూలదండ వేశారు. పెద్దాయన నాకు కబురు పెట్టి పిలిపించి భోజనం పెట్టాడు. అవ్వ మాత్రం ఆ రోడ్డు మీద ఒక్కసారైనా నడిచినట్టు నేను చూడలేదు.

రెండేళ్ళు కరువు. మూడో ఏడు వానలు వదలకుండా పట్టుకున్నాయి. అంతకుముందైతే మరవ పారినా ఆ నీళ్ళు పల్లంలోంచి మడమల లోతున జారిపోయేవి. ఇళ్ళ మధ్య సందుల్లోంచి దారి వెతుక్కుని వెళ్ళిపోయేవి. పేటవాళ్ళు ధైర్యంగా ఉన్నది కూడా అందుకే. ఇప్పుడు వాటికి అడ్డంగా రోడ్డుంది.

ఆరోజు పొద్దున్నే మరవ పారింది. నేను రైలు దిగేసరికి స్టేషనులో చెప్పారు. మేడమ్ అప్పటికే పేటలో ఉంది. నేను పరుగున వెళ్ళేసరికి రోడ్డుకు ఎగువన ఇళ్ళన్నీ నడుము లోతు నీళ్ళలో ఉన్నాయి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ రోడ్డు మీదికి చేర్చారు. ప్రాణాలు పోలేదు. కానీ మగ్గం గుంతలోకి నీళ్ళు దిగితే పక్కగోడల మట్టి లోపలికి జారిపోతుంది. మట్టి జారితే మగ్గం కొయ్యలు ఒరిగిపోతాయి. ఇంటికొకటి చొప్పున ఆ చప్పుడు రోడ్డు మీదికి వినపడుతోంది. పెద్దాయన మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర ఉంది. దాని రంగు దిగి గుమ్మంలోంచి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. ఆయన ఆ నీళ్ళలోనే గడప పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రోడ్డు తెంచల్లప్పా! రోడ్డు తెంచల్ల!" అని ఎవరో అరిచారు. మగవాళ్ళు గడ్డపారలు తెచ్చారు. ఎవరికి వాళ్ళు తోచినచోట పొడుస్తున్నారు. తారు లేస్తోంది గానీ నీళ్ళు కదలడం లేదు. ఒకచోట తెంచితే అవతల మెరక. ఇంకోచోట అవతల బండ. ఆ కాసేపట్లో ఇంకో నాలుగు ఇళ్ళ గోడలు కూర్చున్నాయి.

నేను ఆగలేకపోయాను. రోడ్డు మీద యాభై అడుగులు నడిచి, ఒకచోట నిలబడి, "ఈడ! ఈడ తవ్వండి! దీని కిందే వాలు" అని అరిచాను. వాళ్ళు పరిగెత్తుకొచ్చి తవ్వారు. అరగంటలో కట్ట తెగింది. నీళ్ళు పెద్ద చప్పుడుతో అవతలికి దూకి, ఎవరూ చూపించకుండానే మెలికలు తిరుగుతూ కిందికి పోయాయి. అవ్వ ముగ్గు పోసిన దారి అదే.

నేను తిరిగి చూస్తే మేడమ్ నా వెనకే ఉంది. తడిసి ముద్దయి ఉంది.

"అన్నా, సరిగ్గా ఈడే అని నీకెట్ల తెల్సు?"

నేను ఒక గడ్డపార అందుకుని గండి వైపు తిరిగాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు. నీళ్ళలోకి దిగి పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

నెల తరవాత విచారణ. పైనుంచి ఒక అధికారి వచ్చి మా ఆఫీసులో కూర్చున్నాడు. పేట నుంచి పెద్దాయననూ ఇంకో ఇద్దరినీ పిలిచారు. వంక మీద రోడ్డు ఎలా వేశారు, వంక లేదని ఎవరు చెప్పారు, ఇదీ ప్రశ్న.

మేడమ్ మొదట లేచింది. "పటం పేటవాళ్ళు గీసింది సార్. గీయించింది నేను. వంక సంగతి నేను ఇంకా గట్టిగా కనుక్కోవాల్సింది" అంది. నా పేరు ఎత్తలేదు. చెప్పడానికి నాకు జాగా వదిలి కూర్చుంది.

అధికారి నా వైపు తిరిగాడు. "నువ్వు పాత పటం నుంచే కదా దిద్దావు? దాంట్లో వంక లేదా?"

"పాత పటం ఆ మడత దగ్గర చిరిగి ఉంది సార్. కనపడలేదు" అన్నాను. నా గొంతు వణకలేదు. అందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అధికారి నమ్మినట్టు లేడు. పెద్దాయనను అడిగాడు. "ఏమయ్యా, ఇతను మిమ్మల్ని వంక గురించి అడిగాడా?"

"అడిగినాడు సార్. మేమే లేదంటిమి. ఆయప్పకేం తెల్దు."

బయటికి వచ్చాక వరండాలో ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అట్లెందుకు జెప్తివి పెద్దాయనా?"

"నిజం జెప్తే నీ ఉద్యోగం పోతాది. మా మగ్గాలొస్తాయా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం బాగుండేది.

విచారణ నివేదిక నేనే ఫైలు చేశాను కాబట్టి చదివాను. నివాసులే వంక లేదని సంతకాలు, వేలిముద్రలతో ధ్రువీకరించారు గనుక ఆఫీసు తప్పిదం లేదు. తప్పుడు సమాచారం ఇచ్చినందున నష్టపరిహారానికి అర్హులు కారు. రెవెన్యూ లెక్కల ప్రకారం పల్లంలోని ఇళ్ళు వంక పోరంబోకులో ఉన్నాయి, తొలగించాలి. మేడమ్ ఉద్యోగాన్ని మాత్రం పొడిగించలేదు.

ఆవిడ చివరి రోజు సాయంత్రం రైల్లో నా ఎదురుగా కూర్చుంది. పెనుకొండ దగ్గరపడుతుండగా సంచిలోంచి ఆ పాత ఉత్తర్వు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"రెండో పేజీ సదువన్నా."

చదివాను. ప్రమాదం ఉన్న చోట్లను నివాసులు తామే పటంలో చూపిస్తే, ముందుగా అక్కడే మోరీలు, పక్కగోడలు కట్టాలి. ఖాళీ చేయించక తప్పకపోతే మగ్గాల షెడ్డుతో సహా మెరక మీద స్థలం ఇచ్చాకే చేయించాలి. ఇదీ అక్కడున్నది. వంకను చూపిస్తే ఇళ్ళు నిలబడేవి. ఆ ఉత్తర్వు కాపీ మూడేళ్ళు నా బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాణ్ణి. సర్కారు కాగితంలో జనానికి పనికొచ్చే ముక్క ఉండదని నాకు అంత గట్టి నమ్మకం.

"పైవాళ్ళకు జెప్పకపోతే పోనీ అన్నా. నాకొక్కదానికి జెప్పింటే సాలు గదా" అంది. రైలు ఆగితే దిగిపోయింది. మళ్ళీ ఆవిడను చూడలేదు.

ఆ ఎండాకాలంలో పల్లంలోని ఇళ్ళన్నీ పడగొట్టారు. జనం ఊరిబయట పాడుబడిన గోడౌన్లలో తలదాచుకున్నారు. కొంతమంది బెంగళూరుకు కూలికి పోయారు. అవ్వ గోడౌన్లోనే పోయింది. పెద్దాయన మగ్గం మళ్ళీ ఎక్కలేదు. గోడౌన్ నేల సిమెంటు. దాన్ని తవ్వనివ్వలేదు.

ఐదారేళ్ళు గడిచాయి. మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి, ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. మంచివాడు, మీలాంటివాడే. గోడౌన్లలో ఉన్నవాళ్ళకు పట్టాలిచ్చి కొత్త కాలనీ వేయాలని పట్టుబట్టి సాధించాడు. స్థలం మీద జనం అభిప్రాయం తీసుకోవాలని సభ పెట్టాడు. గోడ మీద వెలుతురుతో రంగురంగుల పటం చూపించాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

పటం చూడగానే నాకు అర్థమైంది. ఆ స్థలం ఇంకో చెరువు కట్ట దిగువన ఉంది. నీళ్ళు వస్తే నేరుగా దాంట్లోకే వస్తాయి. ఈసారి నేను లేచాను. రిటైరవడానికి ఏడాది కూడా లేదు, భయపడాల్సింది ఏమీ మిగల్లేదు. అందరూ వినేలా, "సార్, ఇది పల్లం. చెరువు నిండితే నీళ్ళు ఈ కాలనీలోకే వస్తాయి. పాత పటం తెప్పించి చూడండి" అన్నాను.

కుర్ర ఆఫీసరు చిన్నబుచ్చుకోలేదు. నిజంగానే కంగారుపడి జనం వైపు తిరిగాడు. "మీరు ఈ ఊరివాళ్ళు. మీకే తెలుస్తుంది. చెప్పండి, ఇక్కడికి నీళ్ళొస్తాయా?"

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన వెనక వరుసలో నేల మీద కూర్చుని ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. మెల్లగా లేచి పటం చూశాడు, నన్ను చూశాడు. ఆ చెరువు, ఆ పల్లం ఆయన ఎరగనివి కావు.

"రావు సార్" అన్నాడు.

"పెద్దాయనా!" అన్నాను.

"రావు సార్, నీళ్ళు రావు. ఆయప్పకు తెల్దు" అని ఆఫీసరుకు చెప్పి, నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. నాకొక్కడికే వినపడేలా, "ఈడ గూడా వద్దంటే మమ్మల్ని ఇంగ యాడా రానియ్యరప్పా. కూచ్చో" అన్నాడు.

కూర్చున్నాను. నివాసులు ఏకగ్రీవంగా ఆమోదించారని ఆఫీసరు రాసి సంతకం పెట్టాడు. కాగితం జనం మధ్యకు వెళ్ళి వేలిముద్రలతో తిరిగి వచ్చింది. సాక్షి సంతకానికి నాకిచ్చాడు. పెట్టాను.